ఉత్త గోడ

పిల్ల పుట్టిన మూడో రోజున హిమజ గోడ రంగుల గురించి మాట్లాడటం మొదలుపెడితే, బాలింత మతి చలించిందేమోనని ఇంట్లోవాళ్ళు హడలిపోయారు.

పిల్ల ఏడో నెల దాటగానే పుట్టింది. కిలోన్నర కూడా తూగలేదు. విశాఖపట్నంలోని ఆసుపత్రిలో గాజుపెట్టెలో పడుకోబెట్టారు. పెట్టెకున్న కన్నంలోంచి చెయ్యి పెట్టి, ఒక్క వేలితో ఆ బుల్లి అరికాలు తాకడం తప్ప తల్లి చేయగలిగింది ఏమీ లేదు. అది కూడా రోజుకి రెండుసార్లే. ఊరికే కూర్చోవడమన్న విద్య హిమజకి పుట్టుకతోనే రాలేదు. అందుకని సీతమ్మధార ఫ్లాట్‌లో ఇస్త్రీ బట్టలకీ పాత సూట్‌కేసులకీ వదిలేసిన చిన్న గదిని ఆడపిల్ల గదిగా మార్చే పని నెత్తికెత్తుకుంది.

"ఇంకా ఇంటికే రాని గుంటదానికి గదేటమ్మా?" అంది అత్తగారు సన్యాసమ్మ. విజయనగరం దగ్గర పల్లె నుంచి కాన్పు సాయానికి వచ్చిందావిడ. "ముందల దాన్ని రానీ. పొత్తిగుడ్డలు తెచ్చినాను. ఉయ్యాలకి నా పాత చీరుంది. పసిగుంటకి ఇంకేటి కావాల?"

"వస్తుందనే కదా అత్తయ్యా, గది. ఎదురుచూసే చోటంటూ ఒకటుంటే రాక ఎక్కడికి పోతుంది?"

సన్యాసమ్మ పొత్తిగుడ్డలు మడతపెట్టడంలో పడింది. ఆవిడకి హిమజ మొగుడికంటే ముందు ఇద్దరు పుట్టి పోయారు. మూడోవాడు దక్కాలని వాణ్ణి తవుట్లో పడుకోబెట్టి, పక్కింటావిడకి ఇచ్చేసి, చేటెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కుంది. అందుకే అతను తవిటినాయుడయ్యాడు. ఇప్పుడు పోర్టులో క్రేన్ నడుపుతున్నాడు. ఓడంత ఇనుముని వేలితో ఆడించే మనిషి, గాజుపెట్టె ముందు నిలబడితే మాత్రం చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడేవాడు.

నాయుడు తెచ్చిన గులాబీరంగు సీతాకోకచిలుకల స్టిక్కర్లని హిమజ వచ్చిన దారినే పంపేసింది. "ఆడపిల్లయితే మాత్రం కొబ్బరి మిఠాయిలో ముంచినట్టు గదంతా గులాబీ చేసెయ్యాలా?" అని పోట్లాడింది. తనకి కావాల్సింది అందం, ఆ అందంలో వీలు. రేపు పాకే పిల్ల దొర్లిపడినా దెబ్బ తగలకుండా, నేలకి జానెడు ఎత్తులో పరుపు. అంచులు గుండ్రంగా చెక్కించిన సొరుగుల బల్ల, పైన పిల్లకి బట్టలు మార్చడానికి, కింద సొరుగుల్లో పొత్తిగుడ్డలు, నూనె సీసా, సబ్బు, అన్నీ ఒంటిచేత్తో అందేలా. కిటికీకి పొందూరు ఖద్దరు పరదాలు. ఎండ లోపలికి రావాలి, పిల్ల కళ్ళలో పడకూడదు. చెక్క అరలో నాలుగే నాలుగు ఏటికొప్పాక లక్కబొమ్మలు. నలభై బొమ్మలుంటే పిల్ల ఒక్కదాన్నీ చూడదని ఆమె సిద్ధాంతం. దూలానికి కొక్కెం, దానికి అత్తగారి పాత చీరతో ఉయ్యాల. ఈ ఒక్కచోటా అత్తాకోడళ్ళకి మాట కలిసింది.

ఇక గోడలు. గోడలకి అలపూత.

అలపూత హిమజ ఆరేళ్ళ కష్టం. రంగుల కంపెనీ ప్రయోగశాలలో ఆమె చేతి మీద పుట్టిన పదార్థం. నాయుడు రోలరుతో రెండు పొరలు వేశాడు, ఆమె కుర్చీలో కూర్చుని "కింది నుంచి పైకి, కింది నుంచి పైకి" అని సతాయించింది. ఆరాక చూస్తే ఏముంది, పాలమీగడ రంగు మామూలు గోడ. ఇంతేనా అనబోయి నాయుడు తుమ్మాడు. అతని పక్క గోడ మీద రాగిరంగు అల ఒకటి లేచి, మూల తిరిగి, గదంతా చుట్టి మాయమైంది. గుమ్మంలో ఉన్న సన్యాసమ్మ చేతిలోంచి గ్లాసు జారి ఖంగుమంది. ఈసారి నెమలికంఠం రంగు వలయం గుమ్మం వైపు నుంచి పుట్టి అవతలి గోడకి పాకింది.

"ఒలమ్మో! గోడకి పేనమొచ్చినాది!"

"ప్రాణం లేదు, కరెంటూ లేదు అత్తయ్యా," అని హిమజ నవ్వింది. "సబ్బు బుడగ మీద రంగులు మారతాయి చూడండి, ఆ కిటుకే. చప్పుడు తగిలితే పూతలో పొరలు వణుకుతాయి, వణికిన చోట రంగు మారుతుంది. పిల్ల ఏడిస్తే నీలం. పెద్దవాళ్ళు మెల్లగా మాట్లాడితే తేనెరంగు. ఎటునుంచి చప్పుడొస్తే అటునుంచే అల."

పిల్ల ఇరవై ఏడో రోజున ఇంటికొచ్చింది. మధూళి అని పేరు పెట్టారు. మొదటి సాయంత్రం గుక్కపట్టి ఏడుస్తుంటే ఆ గదిలో ఉయ్యాల్లో వేశారు. ఏడుపుకి గోడలన్నీ నీలంగా కదిలాయి. పిల్ల ఏడుపు సగంలో ఆపి, నోరు తెరుచుకునే చూస్తూ ఉండిపోయింది. రెండు నిమిషాల్లో నిద్రపోయింది. గాజుపెట్టెలో నెల్లాళ్ళు నర్సులని పరుగులు పెట్టించిన పిల్ల ఇదేనా అని నాయుడు తెల్లబోయాడు. హిమజ మాత్రం గోడకి ఆనుకుని హాయిగా ఏడ్చింది. తను బిడ్డని నెలలు నిండా మోయలేకపోయింది, కానీ తను చేసిన గోడ మోస్తోంది అనుకుంది.

అక్కడినుంచి ఆ గది ఇరుగుపొరుగుకి తిరునాళ్ళయింది. ఎవరొచ్చినా తలుపు దగ్గర నిలబడి "మధూ!" అని పిలిచేవాళ్ళు. పిల్ల ఠక్కున తిరిగేది. చిటికె వేస్తే తిరిగేది. గాజులు కదిలినా తిరిగేది. "నెల తక్కువ పిల్ల అంటే ఎవరైనా నమ్ముతారా?" అనేవాళ్ళు. హిమజ పైఅధికారి దివాకర్ గారు కూడా వచ్చి చూసి, అక్కడికక్కడే ఒక ఆలోచన చేశారు. గాజుపెట్టెల్లోంచి ఇంటికొచ్చే పిల్లలు చీటికీమాటికీ ఏడుస్తారు కాబట్టి, అలాంటి పిల్లలున్న ఇళ్ళకే ఉచితంగా అలపూత వేసి చూద్దామన్నారు. ఆసుపత్రుల నుంచి పేర్లు తెప్పించి హిమజ స్వయంగా అరవై మూడు ఇళ్ళు ఎంపిక చేసింది. పూత వేసిన ప్రతి ఇంటినుంచీ దీవెనలే.

వినికిడి పరీక్ష ఒకటి మిగిలిపోయింది. ఆసుపత్రి నుంచి పంపేరోజున మిషను పాడైందని, మూడు నెలలకి రమ్మన్నారు. మూడు నెలలకి ఊరంతా విషజ్వరాలు. పసిపిల్లని బయటికి తీయడానికి భయపడి నర్సునే ఇంటికి పిలిపించారు. ఆ అమ్మాయి వెనకనుంచి గిలక్కాయ ఊపింది, చిన్న గంట కొట్టింది, కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి. మధూళి ప్రతిసారీ తిరిగింది. "సూపరండి!" అని కాగితం మీద రాసిచ్చింది. హిమజ మురిసిపోతూ సంతకం పెట్టింది. పరీక్ష జరిగింది ఆ గదిలోనే.

ఇక్కడ హిమజ ప్రయోగశాల సంగతి ఒకటి చెప్పుకోవాలి. అక్కడ పక్కపక్కనే రెండు గదులుంటాయి. ఒకటి అలపూత వేసిన గది, రెండోది మామూలు సున్నం గది. రెండోదాన్ని అందరూ ఉత్త గోడ అంటారు. ఏ ఫలితం వచ్చినా అదే పని ఉత్త గోడ ముందు కూడా చేసి, రెండూ పోల్చాలి. పోల్చకుండా ఎవరైనా నివేదిక తెస్తే హిమజ ముఖాన కొట్టేది. "ఉత్త గోడ ముందు చేశావా? చెయ్యలేదా? అయితే ఇది ఫలితం కాదు, నీ ముచ్చట," అనేది. ఆమె లేనప్పుడు కుర్రాళ్ళు ఆమెని ఉత్తగోడ మేడమ్ అనేవాళ్ళు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, ఆ మేడమ్ తన కూతురి విషయంలో ఆ మాటే మరిచిపోయింది.

పదో నెల వచ్చినా మధూళి అత్తా అనలేదు, తాతా అనలేదు. "మా నాయుడికి మూడేళ్ళ దాకా మాట నేదు, ఇప్పుడు నోరు మూతపడదు," అని సన్యాసమ్మే ధైర్యం చెప్పింది. హాల్లో పిలిస్తే పిల్ల పలకదు. "కొత్త చోట బెదురు, గదిలో చూడండి ఎంత చురుకో," అనేది హిమజ.

"నన్ను సూడదే ఈ గుంట," అంది సన్యాసమ్మ ఒకరోజు. "పిలిస్తే గోడకేసి సూస్తాది."

"గోడ మీకంటే అందంగా ఉంది మరి," అని హిమజ ఆటపట్టించింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

పదకొండో నెలలో అలపూతని బజారులోకి వదలడానికి ముహూర్తం కుదిరింది. ప్రకటన కోసం ఒక చిన్న వీడియో తీయాలని, పిల్లని ప్రయోగశాలకి తీసుకురమ్మని దివాకర్ గారు అడిగారు. హిమజ పిల్లకి పొందూరు గౌను వేసి, బుగ్గన చుక్క పెట్టి తీసుకెళ్ళింది. అలపూత గదిలో కెమెరా వాళ్ళు దీపాలు సర్దుకుంటున్నారు. అంతవరకూ పక్కనున్న ఉత్త గోడ గదిలో, మందపాటి పరుపు మీద పిల్లని కూర్చోబెట్టారు. మధూళి తలుపుకి వీపు పెట్టి లక్క బొంగరాన్ని తిప్పి తిప్పి చూసుకుంటోంది.

అప్పుడు ఆ తలుపు దగ్గరే బంగారయ్య చేతిలోంచి ఇనప డ్రమ్ము మూత జారింది. పాతికేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న జాగ్రత్తపరుడు, ఏనాడూ సీసా కూడా పగలగొట్టి ఎరుగడు. మూత సిమెంటు నేల మీద పడి, గిరగిరా తిరిగి, చెవులు చిల్లులు పడేలా మోగింది. హిమజ రెండు చెవులూ మూసుకుంది. దివాకర్ గారి చేతిలో టీ ఆయన చొక్కా మీదే ఒలికింది. కెమెరా అబ్బాయి "అమ్మో!" అని కేకేశాడు.

మధూళి బొంగరం తిప్పుకుంటోంది.

తల తిప్పలేదు. భుజం అదరలేదు. వేళ్ళు కూడా ఆగలేదు.

"చూశారా, ఎంత ధైర్యమో!" అని దివాకర్ గారు చొక్కా దులుపుకుంటూ నవ్వారు. "పులి కడుపున పులే పుడుతుంది."

హిమజ నవ్వలేదు. మెల్లగా వెళ్ళి పిల్ల వెనక నిలబడింది. "మధూ," అంది. "మధూ తల్లీ!" అంది గట్టిగా. చప్పట్లు కొట్టింది. పిల్ల బొంగరాన్ని నోట్లో పెట్టుకుంది. హిమజ వెళ్ళి ఇనప మూతని రెండు చేతులతో ఎత్తి నేలకేసి కొట్టింది. మళ్ళీ ఎత్తి మళ్ళీ కొట్టింది. ఎన్నిసార్లు కొట్టిందో ఆమెకి తెలియదు.

"వద్దు మేడమ్... వద్దమ్మా," అని బంగారయ్య వచ్చి ఆ మూతని ఆమె చేతుల్లోంచి తీసుకున్నాడు. అతని కళ్ళలో నీళ్ళు చూశాకగానీ తను చూసింది నిజమని హిమజకి నమ్మకం కలగలేదు.

పిల్లని చంకనేసుకుని అలపూత గదిలోకి నడిచింది. కెమెరా దీపాలు ఆర్పెయ్యమంది. పరుపు మీద కూర్చోబెట్టి, వెనక్కి వచ్చి, గుసగుసగా, తనకే వినపడనంత మెల్లగా "మధూ" అంది. గోడ మీద సన్నని తేనెరంగు అల కదిలింది. పిల్ల ఠక్కున తిరిగింది. అమ్మని చూసి, ఉన్న నాలుగు పళ్ళూ బయటపెట్టి నవ్వింది.

ఆ నవ్వుని చూసి హిమజ పిల్ల చెవులు రెండూ అరచేతుల్లో పట్టుకుంది. పదకొండు నెలలుగా తన గొంతు ఒక్కసారి కూడా ఆ చెవుల్లో పడలేదు.

ఇంట్లో నాయుడు ఒప్పుకోలేదు. "ఏం మాట్లాడుతున్నావ్? నిన్నే కదా, నా బండి తాళం గలగలకి తిరిగింది!"

"ఎక్కడ?"

"గదిలో..." అని ఆగిపోయాడు. తర్వాత పిల్లని వంటింట్లో చాప మీద కూర్చోబెట్టి తనే పరీక్ష పెట్టాడు. తాళాలు, కుక్కర్ మూత, చివరికి పోర్టులో క్రేను కిందివాళ్ళని హెచ్చరించడానికి వాడే ఈల. ఈల వేశాక ఎదురింటివాళ్ళు తలుపు తీసి ఏమైందని అడిగారు. పిల్ల మాత్రం చాప అంచులో పుల్లలు పీకుతోంది. నాయుడు ఈలని జేబులో పెట్టుకోబోయాడు. జేబు దొరకలేదు. ఆ ఈల పట్టుకునే చాలాసేపు నిలబడ్డాడు.

సన్యాసమ్మ అంతా గుమ్మంలోంచి చూసింది. 'నాను సెప్పనేదా' అంటుందని హిమజ ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది. ఆవిడ ఆ మాట అనలేదు.

"దినామూ ఉయ్యాల ఊపి జోల పాడినాను కదమ్మా," అంది. "ఎవులికి పాడినాను?"

చెవి డాక్టరు నస్రీన్ గారు పిల్లని నిద్రపుచ్చి, తలకి తీగలు అతికించి, చెవి నరాన్ని గంటసేపు పరీక్షించింది. రెండు చెవులూ దాదాపు పూర్తిగా పోయాయని చెప్పింది. నెలలు నిండకపోవడం, గాజుపెట్టెలో ఉన్నప్పుడు ఇన్‌ఫెక్షన్‌కి ఇచ్చిన బలమైన మందులు, ఏది కారణమో తేల్చి చెప్పలేమంది. గోడ వల్ల చెవులు పోలేదు. ఆ మాట ఆవిడ రెండుసార్లు చెప్పింది.

"గోడ చేసింది వేరే," అంది ఆ తర్వాత. "మూడో నెలలో తెలిసుంటే ఆరో నెల లోపే చెవులకి మిషన్లు పెట్టేవాళ్ళం. వినడం కూడా మెదడు నేర్చుకోవాల్సిన పనేనమ్మా. మొదటి ఏడాది అది చకచకా నేర్చుకుంటుంది. తర్వాత ఒక్కో నెల గడిచేకొద్దీ కష్టమవుతుంది. ఇప్పుడు కూడా మించిపోలేదు, వచ్చేవారమే మొదలుపెడదాం. పోయిన నెలలు మాత్రం నేను తేలేను." కాగితాలు తిరగేసి నర్సు రాసిన చీటీ దగ్గర ఆగింది. "ఈ పరీక్ష ఎక్కడ జరిగింది?"

"పాప గదిలో," అంది హిమజ.

"ఇలాంటి గదులు ఇంకా ఉన్నాయా?"

హిమజ నోరు తెరిచింది. అంతవరకూ ఆమె ఏడుపంతా తన పిల్ల గురించే. ఇప్పుడు కుర్చీలో కూర్చున్నదల్లా నిటారుగా అయిపోయింది.

"అరవై మూడు," అంది. "అన్నీ గాజుపెట్టె పిల్లలవే. నేనే ఏరి ఏరి పెట్టాను."

నస్రీన్ గారు పెన్ను కింద పెట్టేసింది. మామూలు పిల్లల్లో వినపడనివాళ్ళు వెయ్యికి ఒకరో ఇద్దరో ఉంటారు, గాజుపెట్టె పిల్లల్లో వందకే ఒకరో ఇద్దరో ఉంటారని చెప్పింది.

ఇంటికి రాగానే నాయుడు గది గోడలన్నిటికీ దుప్పట్లు కట్టేశాడు. అదైనా చేస్తే తప్పు కొంత తగ్గుతుందనుకున్నాడు పాపం. అలవాటు కొద్దీ హిమజ గుమ్మంలోంచి "మధూ" అని పిలిచింది. దుప్పటి అంచు కింద, జానెడు మేర మిగిలిపోయిన గోడ మీద తేనెరంగు తళుక్కుమంది. పిల్ల గబగబా పాక్కుంటూ వెళ్ళి, దుప్పటి ఎత్తి, దాని వెనక వెతికింది. అక్కడ ఎవరూ లేకపోతే ఇంకో మూల ఎత్తి చూసింది. అమ్మ అక్కడుంటుందని దాని నమ్మకం. హిమజ పరుగున వెళ్ళి పిల్లని ఎత్తుకుని, దాని చెయ్యి తన గొంతు మీద పెట్టుకుని "మధూ, మధూ, మధూ" అంటూ ఉండిపోయింది. పిల్ల ఆ వణుకుకి ఆశ్చర్యపడి తల్లి మెడని తడిమింది.

మర్నాడు ఉదయాన్నే దివాకర్ గారి గదికి వెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాదు. రాత్రంతా నిద్రలేనట్టే ఉన్నారు.

"చెబుదాం హిమజా. చెప్పొద్దని ఎవరన్నారు? లాయర్లు చూసి ఉత్తరం తయారుచేస్తారు. రెండు నెలల్లో అందరికీ వెళ్తుంది. ఇప్పుడు నువ్వు ఫోను చేసి భయపెడితే తల్లులు ఏమైపోతారు?"

"నేనేమైపోయానో అదే అయిపోతారు సార్. రెండు నెలలు ముందుగా అవుతారు."

"అందరి పిల్లలూ బాగానే ఉండి ఉంటారు. నీ ఒక్కదానికి జరిగిందని..."

"ఉత్త గోడ ముందు చూశామా సార్?" అంది హిమజ.

ఆమె ఆ అరవై మూడు ఇళ్ళ పేర్ల పట్టీని చేతబట్టుకుని ఇంటికొచ్చేసింది. అది ఆమె తయారుచేసిన పట్టీయే, ఒక్కో పేరు పక్కన ఆమె చేతిరాతే.

వంటింటి బల్ల దగ్గర కూర్చుని మొదలుపెట్టింది. సన్యాసమ్మ పిల్లని ఒళ్ళో వేసుకుని ఎదురుగా కూర్చుంది. నాయుడు సెలవు పెట్టి, ఒక్కో పేరు పక్కనా ఏమైందో రాసుకుంటున్నాడు. ప్రతి ఇంట్లోనూ హిమజ అదే చెప్పింది. "నా కూతురికి వినపడదండి. ఆ సంగతి నేను చేసిన గోడే నాకు పదకొండు నెలలు తెలియనివ్వలేదు. మీ బిడ్డని ఆ గదిలోంచి బయటికి తీసుకురండి. మామూలు గోడ ముందు కూర్చోబెట్టండి. మీ నీడ పడకుండా, గాలి తగలకుండా వెనక దూరంగా నిలబడి చప్పట్లు కొట్టండి. నేను లైన్లోనే ఉంటాను."

గాజువాకలో ఒకాయన కొట్టిన చప్పట్లకి పాప ఉలిక్కిపడి ఏడుపందుకుంది. "పొద్దున్నే పిల్లని ఏడిపించారు, మీకేం పనీపాటా లేదా?" అని ఆయన హిమజని చెడామడా తిట్టాడు. అంత కమ్మని తిట్లు ఆమె జన్మలో వినలేదు. అనకాపల్లిలో ఒక నాయనమ్మ చప్పట్లు చాలవని పూజగంట మోగించింది. పిల్లాడు గంటకోసం పేచీపెట్టడం ఫోన్లో వినిపించింది. మధురవాడలో ఒకావిడ మాట మధ్యలో ఫోను పెట్టేసింది. పది నిమిషాల తర్వాత తనే చేసి, "తిరిగిందండి... మూడుసార్లూ తిరిగింది," అని వెక్కివెక్కి ఏడ్చింది. "మీ పూతకో దండం, ఇప్పుడే గీకించేస్తాం," అన్నవాళ్ళున్నారు. "మీ పాపకి ఎలా ఉందమ్మా?" అని అడిగినవాళ్ళు ఇద్దరే.

మధ్యాహ్నానికి ముప్ఫై ఏడు ఇళ్ళయ్యాయి. ముప్ఫై ఏడుగురూ తిరిగారు. నాయుడు ముఖంలోకి కాస్త రక్తం వచ్చింది. "మన ఒక్కళ్ళకేనేమో," అన్నాడు ఆశగా. తన పిల్ల ఒక్కదానికే ఇలా జరిగిందని సంతోషించాల్సిన రోజొకటి వస్తుందని ఎవరనుకున్నారు? హిమజ మంచినీళ్ళు తాగి తర్వాతి నంబరు నొక్కింది.

భీమిలి. రోజారమణి అని బడిలో లెక్కల టీచరు. కొడుకు శశాంక్‌కి తొమ్మిదో నెల.

"మీరా మేడమ్!" ఆవిడ గొంతు నిండా సంబరం. "మీ గోడకి రోజూ దండం పెట్టుకుంటున్నామండి. మావాడు ఎంత చురుకనుకున్నారు! ఈగ వాలినా తిరుగుతాడు."

హిమజ చెప్పాల్సింది చెప్పింది.

"మావాడికా?" అని రోజారమణి చిన్నగా నవ్వింది. "సరే, చేస్తానండి. మీ తృప్తి కోసం."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. అడుగులు. పిల్లాణ్ణి కూర్చోబెడుతూ ఏదో ముద్దు మాట. మళ్ళీ అడుగులు, దూరంగా. చప్పట్లు.

హిమజ ఫోను చెవికి నొక్కిపట్టింది.

చప్పట్లు మళ్ళీ. ఈసారి ఇంకొంచెం గట్టిగా. "శశీ!" అన్న పిలుపు. "శశీ, ఇటు చూడు నాన్నా!" ఒక తలుపు దడాలున కొట్టుకుంది. స్టీలు పళ్ళెం ఏదో మోగింది. అది మోగి, ఆగి, మళ్ళీ మోగింది. తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు.

నాయుడు పెన్ను పట్టీ మీద ఆనించి ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. హిమజ తల అడ్డంగానూ ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు.

ఫోన్లో ఊపిరి చప్పుడు వినిపించింది. "మేడమ్," అంది రోజారమణి. గొంతు మామూలుగా ఉంచడానికి ఎంత అవస్థ పడుతోందో తెలుస్తూనే ఉంది. "వాడు ఆటలో ఉన్నాడండి. ఇక్కడ కొత్త కదా, బెదురు. గదిలోనైతే... గదిలో ఎంత చురుకో మీకు తెలీదు. ఆగండి, బొమ్మ లాగేసి ఇంకోసారి చేస్తాను. ఫోను పెట్టెయ్యకండేం?"

"పెట్టనమ్మా," అంది హిమజ.

అవతల చప్పట్లు మళ్ళీ మొదలయ్యాయి.